అడుగున పడ్డ జట్టు, ఆరు పరుగుల కప్పు

2009 మే 24, ఆదివారం రాత్రి. జొహానెస్‌బర్గ్‌లోని వాండరర్స్ మైదానంలో ఐపీఎల్ రెండో ఏడాది ఫైనల్. ఒక పక్క హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్, ఇంకో పక్క బెంగళూరు రాయల్ ఛాలెంజర్స్. ఎటువైపు ఉండాలో హైదరాబాద్ వాళ్లకు గానీ బెంగళూరు వాళ్లకు గానీ ఒకరు చెప్పే పని లేదు. చిక్కల్లా రాయచూరుకే వచ్చింది.

పైన కృష్ణ, కింద తుంగభద్ర, నడుమ రాయచూరు. ఈ అంతర్వేది కోసం రాజులు కొట్టుకోని కాలం లేదు. కోట గోడలో 1294 నాటి శాసనం గోన గన్నారెడ్డి పేరు చెబుతుంది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూర్ సుల్తాను చేతిలోంచి కోటను లాక్కున్నాడు. తర్వాత్తర్వాత నిజాం ఏలుబడి. 1956 నవంబరు 1 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లా. ఆ రోజుతో రాయచూరు మైసూరు రాష్ట్రానికి, అంటే నేటి కర్ణాటకకు పోయింది. ఇదే జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపూర్ తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. వియ్యంకులు ఒక రాష్ట్రం, కోడళ్లు ఒక రాష్ట్రం అయ్యారు. రాజధాని మారింది కానీ దూరాలు మారలేదు. ఇక్కణ్ణుంచి హైదరాబాద్ పోయే దూరానికి బెంగళూరు దాదాపు రెట్టింపు. పెద్దాసుపత్రికి, పెళ్లి బట్టలకు హైదరాబాద్. ఉద్యోగం ఆర్డరుకు, ప్రభుత్వ సంతకానికి బెంగళూరు. కాబట్టి ఆ ఆదివారం ఒకే ఇంట్లో తండ్రి హైదరాబాద్ జట్టు వైపు, కొడుకు బెంగళూరు జట్టు వైపు కూర్చుంటే అందులో వింతేమీ లేదు.

అసలు వింత వేరే ఉంది. అంతకుముందు ఏడాది ఎనిమిది జట్ల పట్టికలో అట్టడుగున ఉన్నది డెక్కన్ ఛార్జర్స్. దాని పైమెట్టు మీద, అంటే ఏడో స్థానంలో ఉన్నది బెంగళూరు. తరగతిలో ఆఖరి బెంచీవాళ్లిద్దరూ మరుసటి ఏడు మొదటి ర్యాంకు కోసం పోటీ పడ్డారన్నమాట.

డెక్కన్ పతనం ఎంత లోతో తెలియాలంటే 2008 జనవరి దగ్గర మొదలుపెట్టాలి. డెక్కన్ క్రానికల్ సంస్థ హైదరాబాద్ ఫ్రాంచైజీని 10.7 కోట్ల డాలర్లకు పాడుకుంది. వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను ఐకాన్ ఆటగాడిగా పెడితే నిబంధన ప్రకారం జట్టులో అందరికంటే ఎక్కువ డబ్బు అతనికే ఇవ్వాలి. వేలంలో జట్టు చేతికి ఇంకాస్త డబ్బు మిగలాలని లక్ష్మణ్ ఆ హోదా వద్దన్నాడు. మిగిలిన డబ్బుతో పెద్ద పెద్ద పేర్లు కొన్నారు. ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు, ఆడం గిల్‌క్రిస్ట్‌కు 7 లక్షలు. గిబ్స్, అఫ్రిది, స్టైరిస్, చమిందా వాస్, రోహిత్ శర్మ, ఆర్పీ సింగ్. కాగితం మీద చూస్తే కప్పు వీళ్లదే అనిపించింది, పందేలు కాసేవాళ్లకు కూడా.

పద్నాలుగు ఆటల్లో రెండు గెలిచారు. ఒకటి నవీ ముంబైలో, ఒకటి చెన్నైలో. ఉప్పల్ స్టేడియంలో ఆడిన ఏడింటికి ఏడూ ఓడారు. సొంత ఊళ్లో ఒక్క ఆటంటే ఒక్క ఆట గెలవలేదు. ఏప్రిల్ 24న రాజస్థాన్‌తో ఆట ఆ ఏడాది మొత్తానికీ నమూనా. సైమండ్స్ 53 బంతుల్లో 117 కొట్టి నిలబడ్డాడు, జట్టు స్కోరు 214. అంత కొట్టినా ఆఖరి ఓవర్‌కు రాజస్థాన్‌కు 17 పరుగులు కావలసి వచ్చినప్పుడు బంతి మళ్లీ సైమండ్స్ చేతికే ఇచ్చారు. షేన్ వార్న్ బాదేశాడు. ఒక బంతి మిగిలి ఉండగానే ఆట అయిపోయింది. వంద కొట్టినవాడే ఆఖరి ఓవర్ వేసి ఓడిపోవడం! అసలు చివరి ఓవర్లు ఎవరు వేయాలో తేల్చుకోకుండానే జట్టు కట్టారన్న సంగతి ఆ రాత్రి ఉప్పల్ జనమందరికీ అర్థమైంది. మధ్యలో లక్ష్మణ్ చేతికి దెబ్బ తగిలి, పగ్గాలు గిల్‌క్రిస్ట్‌కు వచ్చాయి. అప్పటికే బండి చెరువులో దిగిపోయింది.

బెంగళూరు కథా ఇంచుమించు ఇదే. టెస్టు క్రికెటర్లతో జట్టు నింపారని ఎగతాళి పాలయ్యారు. సీజన్ మధ్యలోనే సీఈవో చారు శర్మను సాగనంపారు. రెండో ఏడు కెవిన్ పీటర్సన్‌ను కెప్టెన్ చేస్తే, అతను కొన్ని ఆటలయ్యాక ఇంగ్లండ్ జట్టు పని మీద వెళ్లిపోయాడు. అప్పుడు అనిల్ కుంబ్లే పగ్గాలు పట్టి, కింద పడ్డ జట్టును ఫైనల్ దాకా లాక్కొచ్చాడు. రాయచూరు కుర్రకారులో సగంమంది ఆ ఏడాది కుంబ్లే భక్తులైపోవడానికి కారణం ఇదే. కుంబ్లే తిట్టడు, ఎగరడు. వికెట్ తీసి మీసం దువ్వుకునే రకం కాదు.

మళ్లీ డెక్కన్ దగ్గరికి వద్దాం. రెండో ఏడాదికి ముందు యాజమాన్యం కోచ్ రాబిన్ సింగ్‌ను మార్చి ఆస్ట్రేలియా నుంచి డారెన్ లేమన్‌ను తెచ్చింది. లక్ష్మణ్‌ను తప్పించి గిల్‌క్రిస్ట్‌ను మొదటి రోజు నుంచే కెప్టెన్ చేసింది. హైదరాబాద్ జట్టుకు హైదరాబాద్ మనిషి కెప్టెన్‌గా లేకపోవడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. చొక్కా రంగు కూడా మార్చారు. జట్టు గుర్తు మాత్రం కొమ్ములు వంచి దూకే ఎద్దే.

రాయచూరులో ఎద్దు గుర్తు అంటే నవ్వులాట కాదు. ఏటా ఏరువాక పున్నమికి, కన్నడంలో కార హుణ్ణిమెకు, ఇక్కడి మున్నూరు కాపు సమాజం ముంగారు పండుగ చేస్తుంది. రాజేంద్ర గంజ్‌లో బండలాగుడు పోటీలు. చుట్టుపక్కల జిల్లాల నుంచే కాదు, ఆంధ్ర, తెలంగాణల నుంచీ జతల్ని లారీలెక్కించి తెస్తారు. మోకుకు కట్టిన రాతి బండ, గడియారం చూసే మనిషి, ఎంత దూరం లాగారో కొలిచే టేపు. అక్కడ కాసేపు నిలబడి చూసినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. ఒంటి మీద నిగనిగలాడే ఎద్దు వేరు, జతగా అడుగు కలిపే ఎద్దు వేరు. రెండూ మంచి జాతివే అయినా ఒకటి ముందుకు లాగుతుంటే ఇంకోటి తల తిప్పిందా, బండ కదలదు. మొదటి ఏడాది డెక్కన్ జట్టు అచ్చంగా అంతే. మంచి ఎద్దులే, జత కుదరలేదు.

2009లో లోక్‌సభ ఎన్నికలు వచ్చిపడ్డాయి. ఆటలకు భద్రత ఇవ్వలేమని ప్రభుత్వం అంటే ఐపీఎల్ మొత్తం మూటాముల్లె సర్దుకుని దక్షిణాఫ్రికా వెళ్లింది. అందరికీ అది నష్టం. డెక్కన్‌కు మాత్రం వరం. ఇంట్లో ఏడుకు ఏడు ఓడినవాళ్లకు ఇల్లే లేకుండా పోవడం కంటే మేలేముంటుంది? పైగా అక్కడ అది చలి మొదలయ్యే కాలం. బంతి గాలిలో తిరుగుతుంది. ఎడమచేతి ఆర్పీ సింగ్‌కు అంతకంటే ఏం కావాలి. ఏప్రిల్ 19న కేప్‌టౌన్‌లో మొదటి ఆట. ఆర్పీ నాలుగు వికెట్లు తీశాడు, కోల్‌కతా 101కి కుప్పకూలింది. తర్వాత బెంగళూరు, ముంబై, చెన్నై. వరసగా నాలుగు విజయాలు. నిరుడు రెండు గెలిచినవాళ్లు తొమ్మిది రోజుల్లో నాలుగు గెలిచారు.

కోలుకోవడం అంటే మెట్లెక్కినట్టు ఉంటుందనుకుంటాం. కానీ ఆ తర్వాత ఆడిన పది లీగ్ ఆటల్లో డెక్కన్ గెలిచింది మూడే. మొదటి వారంలో పొగిడినవాళ్లే మే నెలకల్లా ‘పాత జబ్బు తిరగబెట్టింది’ అన్నారు. ఆ మూడింటిలో రెండింటిని ఇరవై రెండేళ్ల రోహిత్ శర్మ లాక్కొచ్చాడు. మే 6న సెంచూరియన్‌లో ముంబై మీద బ్యాటుతో కాదు, ఆఫ్ స్పిన్‌తో హ్యాట్రిక్ తీశాడు, 6 పరుగులకు 4 వికెట్లు. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

రెండోది మే 16. ఏ ఎన్నికల కోసం ఐపీఎల్ దేశం దాటిందో ఆ ఎన్నికల ఓట్లు లెక్కపెట్టింది ఆ రోజే. పొద్దుటి నుంచి టీవీలన్నీ సీట్ల లెక్కలతోనే సరిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ రెండోసారి గెలిచాడు. అక్కడ వాండరర్స్‌లో కోల్‌కతా మీద డెక్కన్‌కు చివరి ఓవర్లో 21 కావాలి. బౌలర్ బంగ్లాదేశ్ మష్రఫే మొర్తజా. ఆ ఓవర్లో మొత్తం 26 పరుగులు వచ్చాయి. ఆఖరి బంతిని రోహిత్ సిక్సర్‌గా పంపాడు. మరునాడే పంజాబ్ మీద ఒక్క పరుగు తేడాతో ఓటమి. నాలుగు రోజుల తర్వాత బెంగళూరు కుర్రాడు మనీశ్ పాండే వీళ్ల మీదే అజేయంగా 114 కొట్టాడు. ఐపీఎల్‌లో భారతీయుడి తొలి సెంచరీ అది. ఆఖరి రెండు ఆటలూ ఓడి, పంజాబ్‌తో సమానంగా 14 పాయింట్లతో, రన్‌రేట్ పుణ్యమా అని నాలుగో జట్టుగా డెక్కన్ సెమీస్‌లో అడుగుపెట్టింది. ఈ జట్టు కప్పు కొడుతుందని ఆ రాత్రి ఎవరైనా అనుంటే వాళ్లకు నా దండం.

సెమీస్‌లో ప్రత్యర్థి పట్టికలో మొదటి స్థానంలో ఉన్న ఢిల్లీ. ఢిల్లీ చేసిన 153 పరుగులు దాటాలి. మొదటి ఓవర్ వేసిన డర్క్ నానెస్‌ను గిల్‌క్రిస్ట్ ఐదు ఫోర్లు బాదాడు. 17 బంతుల్లో యాభై, మొత్తం 35 బంతుల్లో 85. కెప్టెన్ అంటే ఏం చేయాలో మాటల్లో చెప్పకుండా చూపించాడు.

రెండు రోజులకు ఫైనల్లో అదే గిల్‌క్రిస్ట్ మూడో బంతికే సున్నాకు బౌల్డ్. వేసింది కుంబ్లే. తొలి ఓవర్ స్పిన్నర్ వేయడమే ఒక ఎత్తుగడ, అది ఫలించింది. రాయచూరులో సగం ఇళ్లు ఘొల్లుమన్నాయి, సగం ఇళ్లు ఈల వేశాయి అనుకోవచ్చు. అప్పుడే అసలు తేడా తెలిసింది. మొదటి ఏడాది అయితే గిల్‌క్రిస్ట్ పోతే జట్టు పోయేది. ఈసారి హెర్షల్ గిబ్స్, అంత దూకుడు మనిషి, 48 బంతులు ఓపికగా ఆడి 53తో చివరిదాకా నిలబడ్డాడు. పాకిస్తాన్‌తో సిరీస్ ముగించుకుని టోర్నీ మధ్యలో వచ్చి చేరిన సైమండ్స్ 33 కొట్టాడు. కుంబ్లే 16 పరుగులిచ్చి 4 వికెట్లు తీసినా స్కోరు 143కి చేరింది.

బెంగళూరు వేట బాగానే సాగింది. ప్రజ్ఞాన్ ఓఝా మూడు వికెట్లు తీసి మధ్యలో బిగించాడు. సైమండ్స్ ఒకే ఓవర్లో రాస్ టేలర్‌ను, కుర్ర విరాట్ కోహ్లీని పంపాడు. ఆఖరి ఓవర్. 15 కావాలి. క్రీజులో రాబిన్ ఉతప్ప. నిరుటి ఉప్పల్ రాత్రిలాంటి పరిస్థితే, ఇంచుమించు అవే అంకెలు. ఈసారి ఆ ఓవర్ ఆర్పీ సింగ్‌కు ఇచ్చారు. ఎనిమిదే ఇచ్చాడు. ఆరు పరుగులతో కప్పు డెక్కన్‌ది. అందరికంటే ఎక్కువ, 23 వికెట్లతో పర్పుల్ క్యాప్ ఆర్పీది, 495 పరుగులు చేసిన గిల్‌క్రిస్ట్ టోర్నీలో ఉత్తమ ఆటగాడు. ఓడిన జట్టు కెప్టెన్ కుంబ్లేకు మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్. అందులోనూ న్యాయముంది.

దీన్ని అద్భుతం అని రాసినవాళ్లు చాలామంది. నాకలా అనిపించదు. గిల్‌క్రిస్ట్, రోహిత్, ఆర్పీ, ఓఝా, గిబ్స్, సైమండ్స్, వేణుగోపాలరావు, అందరూ 2008లో ఉన్నవాళ్లే. టి. సుమన్ లాంటి కుర్రాళ్లు తోడయ్యారు అంతే. ఓడిందని జట్టును ఊడ్చిపారేయకపోవడమే యాజమాన్యం చేసిన మంచి పని. ఎవరు ఏ ఓవర్ వేయాలి, ఎవరు ఎక్కడ దిగాలి అన్నది తేల్చారు. తేల్చినదానికి మధ్యలో ఓటములు వచ్చినా కట్టుబడ్డారు.

సరిగ్గా దీన్నే తర్వాత మరిచిపోయారు. 2010లో తెలంగాణ ఉద్యమ వేడిలో ఆటలు హైదరాబాద్‌లో జరగలేదు. కటక్, నాగపూర్, నవీ ముంబైలు తిరుగుతూనే సెమీస్ చేరారు. 2011 వేలంలో గిల్‌క్రిస్ట్, రోహిత్, సైమండ్స్, ఆర్పీ అందరూ వేరే జట్లకు పోయారు. యాజమాన్యాన్ని అప్పులు కమ్ముకున్నాయి. 2012 సెప్టెంబరులో బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది. సన్ టీవీ కొత్త జట్టును పాడుకుని సన్‌రైజర్స్ అని పేరు పెట్టింది. కప్పు గెలిచిన మూడేళ్లకే గెలిచిన జట్టు పేరు లేకుండా పోయింది. ఆ రద్దు మీద వ్యాజ్యం కోర్టుల్లో ఇంకా చాలా ఏళ్లు నడిచింది, అది వేరే కథ.

పోయే ముందు డెక్కన్ ఆడిన ఆఖరి ఆట కూడా బెంగళూరుతోనే. 2012 మే 20, ఉప్పల్. డెక్కన్‌కు ఆ ఆటతో ఒరిగేదేమీ లేదు, పట్టికలో ఎప్పుడో అడుగంటింది. గెలిస్తే ప్లేఆఫ్‌లోకి పోయేది బెంగళూరు. 133 కొడితే చాలు. డేల్ స్టెయిన్ 8 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. బెంగళూరు తొమ్మిది పరుగుల తేడాతో ఓడింది. 2016 ఫైనల్లో కొత్త హైదరాబాద్ జట్టు మళ్లీ అదే పని చేసింది, ఎనిమిది పరుగులతో. ‘ఈ సల కప్ నమ్దే’ (ఈసారి కప్పు మనదే) అని ఏటేటా అరిచే రాయచూరు కుర్రాళ్లకు హైదరాబాద్ అంటే అత్తగారి ఊరు, ఆసుపత్రి, ఆ తర్వాత ఈ మూడు ఓటములు. చివరికి 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో పంజాబ్ మీద బెంగళూరు కప్పు గెలిచింది. తేడా ఆరు పరుగులు.