ఊళ్లన్నీ కట్టిన మేస్త్రీల ఊరు ఎందుకు ఖాళీ అయింది? ట్సర్నా ట్రావా కథ

ఫోన్‌లో సెర్బియా మ్యాప్ ఓపెన్ చేసి, కుడి వైపు కింద మూలకి జూమ్ చేయండి. బల్గేరియా బోర్డర్‌కి కాస్త ఇవతల, కొండల మధ్యలో ట్సర్నా ట్రావా అని కనిపిస్తుంది. అంటే ‘నల్ల గడ్డి’. ఎప్పుడో యుద్ధంలో పారిన రక్తానికి గడ్డి నల్లబడిందని అక్కడ ఒక కథ చెప్తారు. కథ కథే అనుకోండి.

ఇది ఒక మునిసిపాలిటీ. ఆ మాట వినగానే మనకి టౌనే గుర్తొస్తుంది కానీ, అక్కడ ‘ఓప్‌ష్టినా’ అంటే మన మండలం లాంటిది. ఒక చిన్న కేంద్రం, చుట్టూ పల్లెలు. మొత్తం 25 ఊళ్లు, 312 చదరపు కిలోమీటర్లు. 2022 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది ఎంతమందో తెలుసా? 1,063 మంది! మన హైదరాబాద్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో అంతకంటే ఎక్కువమందే ఉంటారు. జనాభాలో సెర్బియా మొత్తానికి ఇదే అతి చిన్న మునిసిపాలిటీ.

మరి ముందు నుంచీ ఇంతేనా అంటే, కాదు. 1948లో 13,614 మంది. అంటే అప్పుడు వంద మంది ఉన్న చోట ఇప్పుడు ఎనిమిది మంది కూడా లేరు.

కారణం కోసం ముందు నేలని చూడాలి. చెమెర్నిక్ కొండ ఎత్తు 1,638 మీటర్లు. కింద వ్లాసినా నది. మధ్యలో ఏటవాలు పొలాలు, పొడుగాటి చలికాలం, మంచు. బంగాళదుంప, రై లాంటివి పండించుకున్నా ఆ పంటతో ఏడాదంతా ఇల్లు గడవదు. 1878 వరకు ఇది ఒట్టోమన్ పాలనలో ఉంది, తర్వాత సెర్బియాలో కలిసింది. పాలకులు మారారు గానీ పొలం మారలేదు కదా!

అందుకే మగవాళ్లు పని కోసం బయటికి నడిచారు. దీన్ని ‘పెచల్బా’ అంటారు, మన భాషలో వలస కూలీ. రాళ్లు పేర్చేవాళ్లు, వడ్రంగులు, ఇటుక పనివాళ్లు వసంతంలో గుంపుగా బయల్దేరి, చలికాలం ముందు తిరిగొచ్చేవాళ్లు. పొలం, పశువులు, పిల్లలు, ముసలివాళ్లు, అన్నీ ఆడవాళ్ల మీదే. పాలమూరు వలస గురించి తెలిసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. పనిలో ఆరితేరినవాణ్ణి వాళ్లు ‘మైస్టోర్’ అంటారు. మనం మేస్త్రీ అంటాం. మన మాట పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి వచ్చింది. రెండింటికీ మూలం ఒకటే, లాటిన్‌లోని ‘మాగిస్టర్’!

రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ పార్టిజాన్లు గట్టిగా పోరాడారు. దానికి బదులుగా బల్గేరియన్ ఆక్రమణ సైన్యం పల్లెలు తగలబెట్టింది. కానీ ఊరు ఖాళీ అయింది అప్పుడు కాదు, శాంతి వచ్చాక. ఇది గమనించండి. యుగోస్లావియాలో సిటీలు పెరిగాయి, పెద్ద కన్‌స్ట్రక్షన్ సంస్థలు ఏడాది పొడుగునా పని ఇచ్చాయి. ఇంక నవంబర్‌లో ఇంటికి రావాల్సిన పనేముంది? భార్యాపిల్లల్ని కూడా బెల్‌గ్రేడ్ తీసుకెళ్లిపోయారు. 1971కి జనాభా పదివేల కిందికి దిగింది, 2002కి 2,563.

పేదరికం వల్ల ఊరు ఖాళీ అయిందని ఈజీగా అనేస్తాం. నాకలా అనిపించదు. పేదగా ఉన్నన్నాళ్లూ వాళ్లు తిరిగొచ్చారు, పని బాగా దొరికాకే రావడం మానేశారు. బీటెక్ అయ్యాక బ్యాగ్ సర్దుకున్న మనలాంటి వాళ్లు కాస్త ఆలోచించాల్సిన పాయింట్ ఇది.

ఇప్పటికీ అక్కడ మేయర్ ఉన్నాడు, అసెంబ్లీ ఉంది. పిల్లలకి బిల్డింగ్ పని నేర్పే టెక్నికల్ స్కూలు కూడా ఉంది, హాస్టల్‌తో సహా. అది నేర్చుకున్నాక కట్టడానికి మాత్రం బస్సెక్కి వేరే ఊరికి పోవాలి.