స్టీరింగు మూలుగుతోందా? వినండి!

"ఏం పాపా, మీ కారు పండుముసలిది మాదిరి మూలుగుతాండాదే?" అంది మా పిన్నమ్మ, ఎక్కి కూర్చుంటూనే.

జమ్మలమడుగులో వాళ్ల సందులో కారు వెనక్కి తిప్పుకుంటున్నాను. పులివెందులలో మా అక్క కూతురి సీమంతం. పొద్దున్నే ప్రొద్దుటూరులో బయల్దేరి, పిన్నమ్మను ఎక్కించుకుని ముద్దనూరు మీదుగా వెళ్దామని మా ప్రయాణం. ఓళిగల డబ్బా ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో మావారు. "కారుది తప్పు కాదత్తయ్యా, తిప్పే చేతుల్లో బలం లేదు" అన్నారు నవ్వుతూ.

నిజం చెప్పొద్దూ, పదిహేను రోజులుగా నేనూ అదే అనుకుంటున్నాను. ముప్ఫై ఐదు దాటాక డ్రైవింగు నేర్చుకున్నదాన్ని. అమ్మవారిశాల దగ్గర బండి పెట్టేటప్పుడల్లా భుజం లాగుతుంటే, రోట్లో రుబ్బడం మానేశాక బలం ఎక్కడుంటుందిలే అని సరిపెట్టుకున్నాను. రోజూ ఇంటిముందు నాపరాళ్ల మీద, ముగ్గు పక్కనే రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. కుంకుమ నీళ్లు ఒలకబోస్తున్నావని పనిమనిషిని కేకలేశాను కూడా! పాపం, ఆ మరక మా కారుది.

ముద్దనూరు దాటాక ఎదురుగా నాపరాళ్ల లారీ. వేగం తగ్గించి ఎడమకు తిప్పబోతే చక్రం కదలనంటుంది! గుండె గొంతులోకొచ్చింది. రెండు చేతులా బలంకొద్దీ లాగి పక్కకు తీసి ఆపాను. పిన్నమ్మ కళ్లు మూసుకుని దేవుళ్లందర్నీ పిలిచేసింది. అక్కణ్నుంచి మెల్లగా నడుపుకుంటూ పులివెందుల చేరి నేరుగా మెకానిక్ షెడ్డుకే వెళ్లాం.

ఆ అబ్బాయి బానెట్ ఎత్తి చూసి, "స్టీరింగ్ ఆయిలు చుక్క ల్యాదమ్మా. పైపు చీలి కారిపోతాండాది. ఇంగ నాల్రోజులు తిప్పింటే పంపు గూడా పోతాండె" అన్నాడు. నేను మావారి వంక చూశాను. ఆయన ఓళిగల డబ్బా మూత సరిచేసుకుంటున్నారు.

ఆరోజు ఆ అబ్బాయి చెప్పిందీ, తర్వాత నేను అడిగి తెలుసుకున్నదీ మీకూ చెబుతాను. ఎడ్లబండి ఎత్తెక్కుతుంటే వెనక నుంచి ఒకరు తోస్తారు చూశారూ, పవర్ స్టీరింగు చేసే సాయం అలాంటిదే. పాత కార్లలో ఇంజను ఒక బెల్టుతో చిన్న పంపును తిప్పుతుంది. పంపు ఆయిలును ఒత్తిడితో పంపి చక్రాలు తిరగడానికి సాయపడుతుంది. 1951లో అమెరికాలో క్రిస్లర్ కంపెనీ అమ్మకపు కార్లలో దీన్ని తెచ్చింది. మన మారుతీ 800లో ఇదేం లేదు, చేతిబలమే!

ఆయిలు తగ్గితే పంపులోకి గాలి చేరి మూలుగుతుంది. బెల్టు వదులైతేనో, అరిగితేనో బండి తీయగానే, చక్రం పూర్తిగా తిప్పినప్పుడు కీచుమంటుంది. ఆయిలు నల్లబడి మాడువాసన వస్తే మార్చాల్సిందే. డబ్బా మీద గీతలుంటాయి, మనమే చూసుకోవచ్చు. ఏ ఆయిలు పోయాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిలు మాత్రం పోయకండి, లోపలి రబ్బరు సీళ్లు పాడైపోతాయి. కారుతున్నచోటు బాగుచేయించకుండా ఆయిలు పోస్తూ పోవడం చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

మా అక్కది కొత్త కారు. అందులో ఆయిలూ లేదు, పంపూ లేదు, కరెంటు మోటారు. ఈ పద్ధతిని 1988లో జపాన్‌లో సుజుకి వాళ్లు సెర్వో అనే చిన్న కారులో తెచ్చారు. ఇలాంటి బండిలో మూలుగులు తక్కువ గానీ, స్టీరింగు బొమ్మతో పసుపు లైటో, ఎర్ర లైటో వెలుగుతుంది. బ్యాటరీ నీరసించినా, వైరు వదులైనా చక్రం బరువెక్కుతుంది. నిలబెట్టిన బండిలో అదేపనిగా అటూ ఇటూ తిప్పితే మోటారు వేడెక్కి కాసేపు సాయం తగ్గిస్తుంది. ఇరుకు సందుల్లో మనం చేసే పని అదే కదా! ఏ రకం కారైనా చక్రాన్ని చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోవద్దు.

బరువుగా ఉందంటే ముందు టైర్లలో గాలి చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. బండి ఒకవైపుకు లాగుతుంటే గాలో, చక్రాల అలైన్‌మెంటో చూపించాలి, పంపును అనుమానించక్కర్లేదు.

దారిలో సాయం ఆగిపోయిందా? భయపడకండి. చక్రం బరువెక్కుతుందంతే, తిరుగుతుంది. రెండు చేతులా పట్టుకుని, వేగం తగ్గించి, పక్కకు తీయండి. కదులుతుండగా తాళం మాత్రం తీయొద్దు, చక్రం బిగుసుకుపోవచ్చు. గువ్వలచెరువు ఘాట్ లాంటిచోట పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి దింపే మహానుభావులున్నారు. ఇంజను ఆగితే స్టీరింగు సాయమూ పోతుంది, నాలుగుసార్లు తొక్కేసరికి బ్రేకూ రాయిలా మారుతుంది. మీవాళ్లలో ఎవరైనా అలా చేస్తుంటే మొహమాటపడకుండా ఆపండి.

పైపు మార్చి, ఆయిలు పోసి, గాలి పోయేదాకా చక్రం అటూ ఇటూ తిప్పించేసరికి మధ్యాహ్నమైంది. మేం వెళ్లేటప్పటికి అమ్మాయికి గాజులు తొడగడం కూడా అయిపోయింది. తిరుగు ప్రయాణంలో జమ్మలమడుగు సందులో ఒంటిచేత్తో కారు తిప్పాను. పిన్నమ్మ దిగుతూ, "ఇప్పుడు మూలగల్యా" అంది. మావారు పలకలేదు. మర్నాడు పనిమనిషికి రెండు ఓళిగలు ఎక్కువే పెట్టాను.