మెడలోని సీతాకోకచిలుక

మీ చూపుడువేలూ మధ్యవేలూ గొంతు ముందు ఆనించి ఒక్క గుటక వేసి చూడండి. వేళ్ల కింద గట్టిగా ఏదో పైకి లేచి, మళ్లీ కిందికి దిగింది గదా? అది మీ స్వరపేటిక. దానికి కొంచెం కిందుగా, గాలిగొట్టాన్ని రెండువైపులా హత్తుకుని, రెక్కలు చాచిన సీతాకోకచిలుక ఆకారంలో మెత్తని ముద్ద ఒకటి ఉన్నది. మీరు గుటక వేసినప్పుడల్లా స్వరపేటికతోపాటు అది కూడా పైకీ కిందికీ కదులుతుంది. కాని మామూలుగా మన వేలికి అది తెలియదు. పెద్దవాళ్లలో కూడా దాని బరువు సుమారు రెండు తులాలు, అనగా 20 నుంచి 25 గ్రాములు మాత్రమే. దాని పేరు అవటు గ్రంథి. డాక్టర్లు థైరాయిడ్ అంటారు.

ఈ ముద్ద ఎందుకున్నదో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1656లో దానికి థైరాయిడ్ అని పేరుపెట్టినవాడు థామస్ వార్టన్ అనే ఇంగ్లీషు వైద్యుడు. మెడలోని పల్లాలను పూడ్చి, ముఖ్యంగా ఆడవాళ్ల మెడకు గుండ్రని అందం ఇవ్వటానికి అది పనికివస్తుందని ఆయన ఊహించాడు! ఆయనను చూసి మనం నవ్వనక్కరలేదు. నోట్లో ఉమ్మి ఊరే గ్రంథులకు సన్నని గొట్టాలున్నాయి. కన్నీటి గ్రంథులకూ, చెమట గ్రంథులకూ దారులున్నాయి. అవటు గ్రంథిని ఎంత కోసి చూసినా అటువంటి గొట్టం ఒక్కటీ కనిపించదు. సరుకు బయటికి వచ్చే వాకిలి లేని కార్ఖానాను చూస్తే, లోపల ఏమీ తయారు కావటం లేదనే కదా ఎవరైనా అనుకునేది!

అసలు సంగతేమంటే, ఆ గ్రంథి తన సరుకును నేరుగా రక్తంలోకే వదులుతుంది. అందుకే దానికి వేరే గొట్టం అవసరం లేదు. నాళం లేని ఇటువంటి గ్రంథులను వినాళ గ్రంథులంటారు. మన శరీరంలో ఇవి మరికొన్ని ఉన్నాయి.

అవటు గ్రంథి సరుకు ఎంత విలువైనదో 1891లో బయటపడింది. ఇంగ్లండులో న్యూకాసిల్ అనే పట్టణంలో జార్జి మరే అనే యువ వైద్యుడు ఉండేవాడు. ఆయన వద్దకు 46 యేళ్ల స్త్రీ ఒకామె వచ్చింది. ఆమె ముఖమూ చేతులూ ఉబ్బిపోయాయి. మాట మందగించింది. ఎప్పుడూ చలి, ఎప్పుడూ నిస్సత్తువ. ఆమె అవటు గ్రంథి పనిచెయ్యటం మానేసింది. మరే ఒక గొర్రె అవటు గ్రంథి తెప్పించి, దాని రసం తీసి, ఆమె చర్మం కిందికి సూదితో ఎక్కించాడు. కొద్ది నెలల్లోనే వాపు దిగింది, మాట తేటపడింది, ఆమె లేచి తన పనులు తాను చేసుకోసాగింది. ఆ రసం తీసుకుంటూనే ఆమె మరి 28 యేళ్లు బతికి, 1919లో, 74వ యేట చనిపోయింది. ఇన్నేళ్లలో ఆమెకు 870 గొర్రెల గ్రంథులు పట్టాయని మరే లెక్క చెప్పాడు.

గొర్రె గ్రంథి మనిషికి ఎలా పనికివచ్చింది? గొర్రెలోనూ మనిషిలోనూ కూడా ఆ పదార్థం ఒక్కటే గనుక! అది శరీరంలో పొయ్యి మంటలాంటి పని చేస్తుంది. మనం తిన్న అన్నం కోట్లకొలది జీవకణాలలో నెమ్మదిగా ఖర్చయి వేడిగానూ శక్తిగానూ మారుతుంది. ఆ మంట ఎంత ఉండాలో చెప్పేది అవటు గ్రంథి. దాని సరుకు తక్కువైతే మనిషి చల్లబడి, మందగిస్తాడు. ఎక్కువైతే ఎంత తిన్నా చిక్కిపోతాడు. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి.

శరీరంలో ఒక మూల నుంచి మరొక మూలకు కబురు పంపటానికి నరాలు ఉన్నాయని మీకు తెలుసు. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు కబుర్లన్నీ నరాల ద్వారానే పోతాయని నమ్మేవారు. 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించారు. వాళ్లు బావాబావమరుదులు కూడాను. కడుపులోని పుల్లని ఆహారం పేగులోకి దిగగానే, పక్కనే ఉన్న క్లోమం నుంచి జీర్ణరసం ఊరుతుంది. క్లోమానికి ఈ కబురు ఎవరు చెప్పారు? వాళ్లు మత్తు ఇచ్చిన కుక్కలో పేగు ముక్కకు పోయే నరాలన్నీ తెంచేసి, ఆ ముక్కలో ఆమ్లం పోశారు. అయినా క్లోమంలో రసం ఊరింది! తర్వాత పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, ఆ రసాన్ని రక్తంలోకి ఎక్కించారు. మళ్లీ క్లోమం ఊరింది. కబురు రక్తం ద్వారా వెళ్లిందన్నమాట. 1905లో స్టార్లింగ్ ఇటువంటి కబురు పదార్థాలకు హార్మోన్లు అని పేరుపెట్టాడు. కదిలించటం, పురికొల్పటం అనే అర్థం వచ్చే గ్రీకుమాట నుంచి ఆ పేరు వచ్చింది.

నరం టెలిఫోను తీగలాంటిది. అది ఒకరి నుంచి ఒకరికే కబురు చెబుతుంది, క్షణంలో చెబుతుంది. హార్మోను ఊళ్లో వేసే చాటింపులాంటిది. తప్పెటవాడు ప్రతి వీధీ తిరుగుతాడు, అందరికీ వినిపిస్తుంది. “చెరువు కింద రైతులంతా రేపు కాలవ పూడిక తియ్యటానికి రావాలహో!” అంటే రైతులే పార పట్టుకుని బయలుదేరుతారు గాని, కంసాలి కదలడు. అలాగే రక్తంలోని హార్మోను అన్ని కణాలనూ తాకుతూ పోతుంది. ఆ కబురు పట్టుకునే ఏర్పాటు ఏ కణాలకున్నదో అవే దాన్ని అందుకుంటాయి.

కొన్ని చాటింపులు చాలా తొందరవి. పిచ్చికుక్క వెంటపడ్డదనుకోండి. మూత్రపిండాల మీద టోపీల్లాగా కూర్చున్న అధివృక్క గ్రంథుల నుంచి అడ్రినలిన్ దూకుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, మీరు ఎన్నడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తుతారు. కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం తగ్గిపోతుంది. క్లోమంలో పుట్టే ఇన్సులిన్, భోజనం తర్వాత రక్తంలోని చక్కెరను కణాల్లోకి చేర్పిస్తుంది. అవటు గ్రంథి కబురు మాత్రం నిదానమైనది. దాని ప్రభావం రోజులూ వారాలూ ఉంటుంది. అది పెరుగుదలను కూడా నడిపిస్తుంది. 1912లో గూడర్నాచ్ అనే శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు గుర్రం అవటు గ్రంథి ముక్కలు మేతగా వేశాడు. పాపం, అవి పెరగకుండానే తోకలు పోయి, కాళ్లు వచ్చి, మరుగుజ్జు కప్పలైపోయాయి! అవటు గ్రంథి తీసివేసిన తోకకప్పలైతే ఎన్నటికీ కప్పలు కావు. పెద్ద పెద్ద తోకకప్పలుగానే ఉండిపోతాయి.

మరి ఈ పదార్థంలో ఏమున్నది? అమెరికాలో కెండాల్ అనే ఆయన టన్నులకొద్దీ పంది గ్రంథులను వడకట్టి, 1914 డిసెంబరు 25న, పండుగ రోజున, ఆ హార్మోను స్ఫటికాలను చూశాడు. మూడు టన్నుల సరుకు నుంచి సుమారు 33 గ్రాములు వచ్చింది! దానికి థైరాక్సిన్ అని పేరు. దాని ప్రతి అణువులోనూ నాలుగు అయొడిన్ పరమాణువులు ఉన్నాయి. అయొడిన్ లేనిదే థైరాక్సిన్ లేదు. గాయానికి రాసే టింక్చరులో ఉండేది కూడా ఈ అయొడినే.

ఇక ఈ సరుకు ఎక్కువా తక్కువా కాకుండా చూసేవారెవరు? పాలు కాచేటప్పుడు అమ్మ పొయ్యి దగ్గరే కూర్చుని, పాలు పొంగబోతే మంట తగ్గిస్తుంది, చల్లబడితే ఎగదోస్తుంది. అలాగే మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథి కూర్చుని ఉన్నది. రక్తంలో థైరాక్సిన్ తగ్గితే అది, “ఇంకా తయారుచెయ్యి” అని అవటు గ్రంథికి ఒక హార్మోనుతో కబురు చేస్తుంది. థైరాక్సిన్ చాలినంత కాగానే ఆ కబురు తగ్గిస్తుంది. పీయూష గ్రంథికి పైన మెదడులోనే మరొక యజమాని ఉన్నది. దాని కబురు ఏమిటో కనిపెట్టటానికి గియ్‌మాఁ అనే ఆయన గొర్రెల మెదళ్లనూ, షాలీ అనే ఆయన పందుల మెదళ్లనూ లక్షలకొద్దీ పోగుచేసి, పోటాపోటీగా యేళ్ల తరబడి శ్రమించారు. 1969లో అది తేలింది. 1977లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంత చక్కని ఏర్పాటు కూడా ఒక్కోచోట బెడిసికొడుతుంది. తినే తిండిలో అయొడిన్ లేదనుకోండి. థైరాక్సిన్ తయారు కాదు. పీయూష గ్రంథి, “ఇంకా, ఇంకా” అని తొందరపెడుతూనే ఉంటుంది. నూలు దొరకని నేతగాణ్ణి షావుకారు బట్టలేవీ అని రోజూ వేధిస్తే, పాపం అతను నూలు తేలేక మగ్గాల మీద మగ్గాలు పెట్టుకుంటూ పోయినట్టు, అవటు గ్రంథి పెరిగి పెరిగి గొంతు ముందు తిత్తిలాగా ఉబ్బుతుంది. దీన్నే గళగండం అంటారు. అంతకన్న ఘోరం మరొకటి ఉన్నది. తల్లికి అయొడిన్ బొత్తిగా చాలకపోతే, కడుపులోని బిడ్డ మెదడు సరిగా ఎదగదు. అటువంటి పిల్లలలో కొందరు పొట్టిగా, చెవిటివారుగా, మాట రానివారుగా మిగిలిపోయేవారు. పుట్టాక ఎంత మందు ఇచ్చినా పోయిన తెలివి పూర్తిగా తిరిగి రాదు.

ఇది కొండప్రాంతాల్లో ఎక్కువ. వానలూ, కరిగే మంచూ నేలలోని అయొడిన్ను కడిగి నదుల్లోకి తోస్తాయి, నదులు సముద్రానికి చేరుస్తాయి. అందుకే సముద్రపు చేపల్లో అది పుష్కలంగా ఉంటుంది. సముద్రపు ఉప్పులో కూడా ఉంటుందని చాలామంది అనుకుంటారు గాని, అందులో ఉండేది ఏ మూలకూ చాలదు.

హిమాలయాల ఒడిలో కాంగ్రా లోయ ఉన్నది. ఇప్పుడది హిమాచల్ ప్రదేశ్‌లో భాగం, అప్పుడు పంజాబులో ఉండేది. 1950లలో అక్కడ పదిమందిలో సుమారు నలుగురి మెడలు ఉబ్బి ఉండేవి. దాని అంతు తేల్చటానికి పూనుకున్నవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే! 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1956లో ఆయనా, ఆయన సహచరులూ సుమారు లక్షమంది ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు పంపారు. ఒకచోట పొటాసియం అయొడైడ్ రూపంలో, రెండోచోట పొటాసియం అయొడేట్ రూపంలో. మూడో భాగానికి మామూలు ఉప్పే పంపారు. 1962లో మళ్లీ మెడలు చూశారు. అయొడిన్ ఉప్పు తిన్న రెండుచోట్లా వాపులు సగానికో, అంతకన్న తక్కువకో దిగాయి. మూడోచోట ఏ మార్పూ లేదు.

“మరి ఆ మూడోచోటి పిల్లల సంగతేమిటి?” అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అందరికీ ఒకే ఉప్పు ఇచ్చి ఉంటే, వాపులు తగ్గింది ఉప్పువల్లనో, మంచి తిండివల్లనో, మరి దేనివల్లనో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయేవారు. గట్టిగా చెప్పలేకపోతే దేశమంతటికీ ఆ ఉప్పు పంపమని ప్రభుత్వాన్ని ఒప్పించటం కష్టం. అయినా ఆ ఆరేళ్లలో మూడోభాగంలో పుట్టిన పసివాళ్లను తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఫలితం తేలగానే, 1962 నుంచి, వాళ్లకు కూడా అయొడిన్ ఉప్పు ఇచ్చారు. అక్కడ కూడా వాపులు తగ్గాయి. ఆ యేడే భారత ప్రభుత్వం గళగండం నివారణకు దేశవ్యాప్తంగా పథకం ప్రారంభించింది.

ఉప్పునే ఎందుకు ఎంచుకున్నారు? పెద్దవాళ్లకు రోజుకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు. ఒక గ్రామును పదిలక్షల భాగాలు చేస్తే అందులో 150 భాగాలన్నమాట. డెబ్బై యేళ్లకూ కలిపి చూసినా నాలుగు గ్రాములు కాదు. చిన్న చెంచా కూడా నిండదు! కాని ఆ చెంచాను ఒక్కసారే మింగి కూర్చోవటానికి వీల్లేదు. అవటు గ్రంథి రెండుమూడు నెలల సరుకు దాచుకోగలదు గాని, జీవితానికి సరిపడేది దాచుకోలేదు. అందుకని అది కొంచెం కొంచెంగా రోజూ అందాలి. బీదా గొప్పా తేడా లేకుండా అందరూ రోజూ, ఇంచుమించు ఒకే కొలతలో తినేది ఉప్పొక్కటే.

ఈసారి ఇంట్లో ఉప్పు పొట్లం విప్పేముందు దాని మీద ఉన్నది చదవండి. ఇల్లు చేరేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయొడిన్ ఉండాలని మన దేశంలో నిబంధన. మనవాళ్లు రోజుకు సుమారు 10 గ్రాముల ఉప్పు తింటున్నారు. అది ఎక్కువని డాక్టర్లు కోప్పడుతున్నారు, అది వేరే సంగతి. పలకా బలపమూ తీసుకుని ఆ పది గ్రాములలో అయొడిన్ ఎంతో లెక్క కట్టండి. సరిగ్గా 150 మైక్రోగ్రాములు వస్తుంది.