మరమ్మతు వేరు, కొత్త సరుకు వేరు

ఇస్లాం నమాజు, రోజాలతో ఆగిపోయే ధర్మం కాదు. అంగట్లో తక్కెడ దగ్గర, గల్లాపెట్టె దగ్గర కూడా అది మనిషిని కనిపెట్టుకుని ఉంటుంది. కొలతల్లో తగ్గించి ఇచ్చేవారిని హెచ్చరిస్తూ దివ్య ఖుర్‌ఆన్‌లో 'ముతఫ్ఫిఫీన్' పేరుతో ఒక సూరాయే ఉంది. హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) తన జాతికి చేసిన ఉద్బోధలో ఏకదైవారాధన తరువాత ప్రధానంగా వినిపించేది కొలతలు, తూకాల మాటే.

ఆనాటి సరుకులు గోధుమలు, ఖర్జూరాలు, గుడ్డలు, గుర్రాలు. ఈనాడు కంటికి కనిపించని సరుకు ఒకటి అంగట్లోకి వచ్చింది. అదే సాఫ్ట్‌వేర్. రాజమండ్రి తాడితోట బట్టల కొట్లలో, మండపేట రైసు మిల్లుల్లో, భీమవరం రొయ్యల వ్యాపారుల ఆఫీసుల్లో, శుభలేఖలు తయారుచేసే డి.టి.పి. సెంటర్లలో ఇది లేనిదే పని జరగదు. దాన్ని డబ్బు పోసి కొంటారు. కొన్నాళ్లకు కంపెనీ నుంచి కబురు వస్తుంది: "కొత్త వెర్షన్ వచ్చింది, మళ్లీ డబ్బు కట్టండి" అని. "ఒకసారి కొన్నాం కదా, మళ్లీ ఎందుకు?" అని కొన్నవారి బాధ. "మా పనివారి కష్టానికి కూలి ఎవరిస్తారు?" అని అమ్మినవారి ప్రశ్న. ఇద్దరి మాటలోనూ ఎంతో కొంత న్యాయం ఉంది. మరి గీత ఎక్కడ గీయాలి? షరీఅత్ వెలుగులో పరిశీలిద్దాం.

ఇది సరుకేనా?

ముందు ఈ సంగతి తేలాలి. చేతికి అందని దానిని సరుకు అనవచ్చునా అన్న వివాదం మన రాష్ట్రం నుంచే దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. ప్యాకెట్లలో తయారుగా అమ్మే సాఫ్ట్‌వేర్ మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం కింద పన్ను అడిగింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అందుకు ఒప్పుకోలేదు. చివరకు 2004 నవంబరు 5న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అలాంటి సాఫ్ట్‌వేర్ 'సరుకే' అని తీర్పు చెప్పింది.

ధార్మిక పండితులు కూడా ఈ విషయం ఆలోచించారు. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, గ్రంథకర్తల, ఆవిష్కర్తల హక్కులు విలువగల ఆస్తులేననీ, వాటిని కాజేయడం ధర్మసమ్మతం కాదనీ నిర్ణయించింది. సరుకు అని తేలిన తరువాత సరుకుకు వర్తించే నియమాలన్నీ దీనికీ వర్తించవలసిందే. పన్ను వేసేటప్పుడు సరుకు, లోపం బయటపడ్డప్పుడు మాత్రం కాదు అంటే చెల్లదు.

లోపం దాచితే

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని యజమాని చెప్పుకున్నాడు. జనానికి కనిపించేలా ఆ తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) స్వయంగా బట్టల వర్తకులు. ఒకసారి సరుకులో లోపమున్న గుడ్డ ఉందనీ, కొనేవారికి ఆ సంగతి చెప్పమనీ తన భాగస్వామికి చెప్పి పంపారు. ఆయన మరచిపోయి అమ్మేశారు. కొన్నవారు ఎవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు.

మదరసాల్లో బోధించే 'హిదాయా'లో ఖియారె ఐబ్ అనే అధ్యాయం ఉంది. అమ్మినవాని దగ్గర ఉన్నప్పటి నుంచే సరుకులో లోపం ఉండి, కొన్నవానికి అది తరువాత తెలిస్తే, సరుకు తిప్పి ఇచ్చి పూర్తి ధర తీసుకునే హక్కు అతనికుంది. ఈ లెక్కన వడ్డీ లెక్క తప్పు వేసే ప్రోగ్రామైనా, దొంగలు చొరబడే సందు వదిలిన ప్రోగ్రామైనా లోపమున్న సరుకే. కంపెనీ దాన్ని ఉచితంగా బాగుచేసి ఇస్తే ఇద్దరికీ మేలు. లేదా డబ్బు తిరిగి ఇవ్వాలి. ఆ మరమ్మతునే 'కొత్త వెర్షన్' అని పేరు మార్చి మళ్లీ డబ్బు గుంజడం తూకంలో కోత పెట్టడమే.

'ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం, లోపాలకు మా పూచీ లేదు' అని కంపెనీలు ఒప్పందంలో చిన్న అక్షరాల్లో రాసుకుంటాయి. లోపాల పూచీ లేకుండా అమ్మడం హనఫీ ధర్మశాస్త్రంలో చెల్లుతుంది, నిజమే. కానీ తెలిసిన లోపాన్ని దాచిపెట్టిన పాపం ఆ ఒక్క వాక్యంతో కడుక్కుపోదు.

కడియం మొక్క, మార్టేరు విత్తనం

మన గోదావరి జిల్లాల రైతుకు ఈ తేడా ఎవరూ నేర్పనక్కరలేదు. కడియం నర్సరీలో బంగినపల్లి అంటు అని చెప్పి ఇచ్చిన మొక్క మరో రకం కాయ కాస్తే, నర్సరీ యజమాని జవాబు చెప్పవలసిందే. అది లోపం. అదే మార్టేరు పరిశోధన కేంద్రం సంగతి చూడండి. 1982లో అక్కడి నుంచి స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, వచ్చింది. తరువాత ఎం.టి.యు. 1010 వచ్చింది. స్వర్ణ విత్తనం కొన్న ఏ రైతూ "నాకు 1010 ఉచితంగా ఇవ్వండి" అని అడగలేదు. ఎందుకంటే అతను కొన్న స్వర్ణ స్వర్ణలాగే పండింది. కొత్త రకం కొత్త సరుకు.

సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. చెప్పిన పని చేయకపోతే మరమ్మతు ఉచితం. చెప్పని కొత్త పనులు చేర్చితే దాని ధర దానిదే.

2017 జూలై 1

అయితే కొన్ని సందర్భాలు ఇంత తేలిక కాదు. మన వ్యాపారులు 2005 ఏప్రిల్ 1 నుంచి వ్యాట్ లెక్కలు రాశారు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. పాత ప్రోగ్రాములతో కొత్త బిల్లు వేయడం కుదరలేదు. బెంగళూరు కంపెనీ వారి ట్యాలీలో జి.ఎస్.టి. కోసం ఆరవ రిలీజ్ వచ్చింది. సర్వీసు చందా చెల్లుబాటులో ఉన్నవారికి అది అదనపు ఖర్చు లేకుండా దక్కింది. చందా ముగిసినవారు మళ్లీ కట్టవలసి వచ్చింది.

ఇది అన్యాయమా? ఐదేళ్ల ముందు కొన్న వ్యాట్ ప్రోగ్రాములో లోపం లేదు. మారింది చట్టం. కాబట్టి కొత్త పనికి ధర అడగడం తప్పు కాదు. కానీ జి.ఎస్.టి. చట్టాలకు రాష్ట్రపతి ఆమోదం 2017 ఏప్రిల్‌లోనే లభించింది. ఆ తరువాత మే నెలలో, జూన్ నెలలో వ్యాట్ మాత్రమే తెలిసిన ప్రోగ్రామును నోరు మెదపకుండా అమ్మిన వర్తకుడు ఎవరైనా ఉంటే, అతను తడి గింజలను రాశి అడుగున దాచినవాడే. అలా కొన్నవారికి కొత్తది ఉచితంగా ఇవ్వాలి, లేదా సొమ్ము తిరిగి ఇవ్వాలి. కొత్త వెర్షన్ వచ్చే తేదీ తెలిసీ వారం ముందు పాతది అంటగట్టేవారికి కూడా ఇదే న్యాయం.

మాట ఇస్తే

చెప్పు కొనేటప్పుడు దానికి వారు వేసి ఇవ్వాలనే షరతు పెట్టవచ్చునా అని మన ఫుఖహా చర్చించారు. లోకంలో అలవాటుగా నడిచే షరతు కాబట్టి చెల్లుతుందన్నారు. ఉచిత సర్వీసు, ఉచిత అప్‌గ్రేడ్ అనే హామీలు కూడా ఈనాటి బజారులో అలవాటైన షరతులే. ఒప్పుకుంటే నెరవేర్చి తీరాలి. ఒప్పందాలు నెరవేర్చమన్న ఆజ్ఞతోనే సూరా మాయిదా ప్రారంభమవుతుంది. మైక్రోసాఫ్ట్ 2015 జూలై 29న విండోస్ 10 విడుదల చేసి, విండోస్ 7, 8.1 వాడేవారికి ఒక ఏడాది పాటు ఉచితమని ప్రకటించింది. గడువు స్పష్టంగా ఉంది. కానీ 'జీవితాంతం ఉచితం' అనే ప్రకటనల మాటేమిటి? ఎవరి జీవితం? కొన్నవారిదా, కంపెనీదా, ప్రోగ్రాముదా? ఇలాంటి అస్పష్టతనే షరీఅత్ 'గరర్' అని వారించింది. ఎన్నేళ్లు, ఏ వెర్షన్ దాకా అన్నది కాగితం మీద ఉండాలి.

ఏడాదికింత అని చందా కట్టే పద్ధతి 'ఇజారా', అనగా అద్దె వంటిది. అద్దె ఇంట్లో కప్పు కారితే బాగుచేయించడం ఇంటి యజమాని పని. చందా తీసుకున్నంత కాలం ప్రోగ్రామును పనికొచ్చే స్థితిలో ఉంచడం కంపెనీ పని. గడువు తీరితే ఇద్దరూ విముక్తులే.

కొనేవారి బాధ్యత

సోదరులారా! హక్కు ఒకవైపే ఉండదు. దొంగ కాపీ వేసుకుని నడిపేవారికి ఉచిత అప్‌గ్రేడ్ అడిగే ముఖం లేదు. అసలు ధరే చెల్లించనివారికి మరమ్మతు హక్కు ఎక్కడిది? ఉర్దూ అక్షరాలు కూర్చే ప్రోగ్రామైనా, తెలుగు అక్షరాలు కూర్చే ప్రోగ్రామైనా ఒకటే న్యాయం. దీనీ పుస్తకాలు అచ్చువేయడానికే కదా అన్న సాకు చెల్లదు.

కొనే ముందు మూడు ప్రశ్నలు అడిగి జవాబు రాయించుకోండి. మరమ్మతులు ఎన్నేళ్లు ఉచితం? కొత్త వెర్షన్ త్వరలో వస్తోందా? చందా ఆపేస్తే నా పాత లెక్కలు నాకు తెరుచుకుంటాయా? అన్యాయం జరిగితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. వ్యాపార ప్రయోజనానికి కొన్న సరుకులకు ఆ చట్టం మామూలుగా వర్తించదు. కానీ స్వయంగా పనిచేసి పొట్టపోసుకోవడానికి కొన్నవారిని అది వినియోగదారులుగానే గుర్తిస్తుంది. చిన్న డి.టి.పి. సెంటరు నడుపుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అమ్మేవారూ కొనేవారూ నిజం చెప్పి, ఉన్న లోపం వివరిస్తే వారి బేరంలో బర్కత్ ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందనీ దైవప్రవక్త (స) బోధించారు. కంటికి కనిపించే సరుకును పదిమంది పరీక్షించగలరు. కనిపించని సరుకులో ఏముందో అమ్మేవానికీ, అల్లాహ్‌కూ తెలుసు. అందుకే అక్కడ భయభక్తులు మరింత అవసరం. అల్లాహ్ మనందరికీ ఇచ్చేటప్పుడూ, పుచ్చుకునేటప్పుడూ న్యాయంగా మెలిగే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.