మనతో పాటు బదిలీ అయ్యే అలవాట్లు

‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అన్నారు పెద్దలు. ఈ మాట వినని తెలుగు పిల్లలు ఉండరు. కానీ ఈ రోజుల్లో ఆరోగ్యం గురించి మాట మొదలవగానే అందరి చూపూ బరువు మీదికి పోతోంది. అందుకు కారణం లేకపోలేదు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 24 శాతం మంది, పురుషుల్లో దాదాపు 23 శాతం మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో అయితే ఇది 36 శాతం. వీళ్లు మన అమ్మానాన్నలు, పిన్నిబాబాయిల వయసు వాళ్లు. వాళ్ల అలవాట్లలో చాలా భాగం చిన్నతనంలో ఏర్పడినవే. కనుక ఇది పెద్దల సమస్యే అని మనం పక్కన పెట్టలేం.

మిగతా పిల్లలకు లేని చిక్కు మనకు ఇంకొకటి ఉంది. మన ఇళ్లలో రెండు మూడేళ్లకోసారి బదిలీ ఉత్తర్వులు వస్తాయి. సామాన్లు సర్దుకుని, సూర్యలంక నుంచి జోర్హాట్‌కో, సికింద్రాబాదు నుంచి అంబాలాకో వెళ్లిపోతాం. పుస్తకాలు, సైకిలు, తులసి కోట కూడా లారీ ఎక్కుతాయి. మంచి అలవాట్లు మాత్రం చాలాసార్లు పాత క్వార్టర్సులోనే ఉండిపోతాయి. అలా ఎందుకు జరుగుతుందో, జరగకుండా ఏం చేయవచ్చో తెలుసుకుందాం.

బరువు ఎలా పెరుగుతుంది?

మనం తినే ఆహారం శక్తినిస్తుంది. ఆ శక్తిని కేలరీలలో కొలుస్తారు. ఒక గ్రాము పిండిపదార్థం 4 కేలరీలు, ఒక గ్రాము మాంసకృత్తులు 4 కేలరీలు, ఒక గ్రాము కొవ్వు 9 కేలరీలు ఇస్తాయి. గుండె కొట్టుకోవడానికి, చదవడానికి, ఆడటానికి, ఎదగడానికి శరీరం ఈ శక్తిని వాడుకుంటుంది. వాడగా మిగిలినదాన్ని కొవ్వుగా దాచుకుంటుంది.

ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. రెండు క్రీమ్ బిస్కెట్లు సుమారు 100 కేలరీలు. ఆకలి లేకపోయినా రోజూ ఆ రెండు బిస్కెట్లు అదనంగా తింటే, కాగితం మీద లెక్క ప్రకారం 77 రోజుల్లో ఒక కిలో కొవ్వు చేరుతుంది. శరీరం కూడికల యంత్రం కాదు కనుక లెక్క అచ్చం ఇలాగే జరగదు. అయినా దీని నుంచి గ్రహించవలసింది ఒకటుంది. బరువు ఒక్క పెళ్లి భోజనంతో పెరగదు, ఒక్క రోజు ఉపవాసంతో తగ్గదు. రోజూ గమనించకుండా చేసే చిన్న పనులే దాన్ని అటో ఇటో నడిపిస్తాయి.

పిల్లల లెక్క వేరు

పెద్దవారి బరువును ఎత్తుతో పోల్చి చూడటానికి ఒక సూచిక ఉంది. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తును రెండుసార్లు గుణిస్తే వచ్చే సంఖ్యతో భాగించాలి. దీన్ని శరీర ద్రవ్యరాశి సూచిక, బీఎంఐ అంటారు. అయితే పెద్దల హద్దులు పిల్లలకు వర్తించవు. పదేళ్ల అబ్బాయికి, పదిహేనేళ్ల అమ్మాయికి ఒకే సంఖ్య సరిపోదు. అందుకే డాక్టర్లు వయసును బట్టి, అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేరువేరుగా తయారైన ఎదుగుదల పట్టికలు చూస్తారు. మన దేశంలో 5 నుంచి 18 ఏళ్ల వారి కోసం భారత శిశువైద్యుల సంఘం 2015లో ఇలాంటి పట్టికలను సవరించి ఇచ్చింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. మనం ఇంకా ఎత్తు పెరుగుతున్నాం. కాస్త ఎక్కువ బరువున్న పిల్లల్లో చాలామంది బరువు తగ్గవలసిన పనే ఉండదు. బరువు వేగంగా పెరగకుండా చూసుకుంటే చాలు, ఎత్తు వచ్చి దాన్ని సరిచేస్తుంది. కనుక భోజనం మానేయడం, కేవలం పండ్లరసాలతో గడపడం, ప్రకటనల్లో చూపించే పొడులు తాగడం మనకు పనికిరావు. ఎముకలు, రక్తం, కండరాలు తయారయ్యే వయసులో కడుపు మాడ్చుకుంటే నష్టం బరువుకు కాదు, ఎదుగుదలకు.

ఊరు మారితే అలవాటు ఎందుకు పోతుంది?

అలవాటు అంటే ఆలోచించకుండా చేసే పని. ఆ పనికి ముందు దాన్ని గుర్తు చేసేది ఒకటి ఉంటుంది. సాయంత్రం అయిదింటికి కింద నుంచి స్నేహితుడు కేక వేస్తాడు, మనం బ్యాటు పట్టుకుని దిగిపోతాం. ఆ కేకే గుర్తు. బదిలీ అయిన చోట ఆ కేక ఉండదు. ఆట కూడా ఉండదు.

అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త వెండీ వుడ్, ఆమె సహచరులు ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారిన విద్యార్థుల అలవాట్లను పరిశీలించి 2005లో ప్రచురించారు. వ్యాయామం, పత్రిక చదవడం, టీవీ చూడటం వంటి అలవాట్లు పరిసరాలు పాతవాటిలాగే ఉన్నప్పుడు కొనసాగాయి. పరిసరాలు మారినప్పుడు ఆ అలవాట్లు చెదిరిపోయాయి. అంటే బదిలీ తర్వాత మనం ఆటలు మానేసి టీవీ ముందు కూర్చుంటే అది మన బద్ధకమొక్కటే కాదు. గుర్తు చేసేది పోయింది. పైగా సామాన్లు విప్పేదాకా బయటి తిండి, ప్రయాణంలో చిప్స్ పొట్లాలు, కొత్త ఊళ్లో ఒంటరితనం తోడవుతాయి. తోచక తినడం అక్కడే మొదలవుతుంది.

మంచి సంగతి ఏమిటంటే, చెడ్డ అలవాట్ల గుర్తులు కూడా పాత ఊళ్లోనే ఉండిపోతాయి. బడి గేటు దగ్గర రోజూ కొనే బజ్జీల బండి కొత్త ఊళ్లో కనిపించదు. కాబట్టి అలవాటు మార్చుకోవడానికి బదిలీ మంచి సమయం కూడా.

మరి కొత్త అలవాటు ఎన్నాళ్లకు కుదురుతుంది? లండన్‌లో 96 మందితో చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొందరికి 18 రోజులు సరిపోతే, కొందరికి 254 రోజులు పడుతుందని అంచనా వేశారు. మధ్యస్థ విలువ 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పిపోయినా పెద్ద తేడా రాలేదు. ఒక రోజు మానేశామని మొత్తం వదిలేయనక్కరలేదన్నమాట.

మారనిదానికి ముడి వేద్దాం

ఊరితో పాటు పోయే గుర్తుకు అలవాటును కట్టకూడదు. మనతో పాటు వచ్చేదానికి కట్టాలి. మనతో ఏం వస్తుంది? ఉదయం పళ్లు తోముకోవడం, ఉదయపు ప్రార్థన, భోజన విరామం గంట, ఆటల పీరియడు, ఇంటికొచ్చి సంచి దించడం, రాత్రి భోజనం. కేంద్రీయ విద్యాలయంలో చదివే మనకు ఇది ఒక వరం. దేశంలో ఏ మూలకు వెళ్లినా ఉదయపు ప్రార్థన ఉంటుంది, ఆటల పీరియడు ఉంటుంది. ఊరు మారినా బడి రోజు తీరు పెద్దగా మారదు.

1. సంచి దించగానే గ్లాసుడు నీళ్లు. బడి నుంచి రాగానే మొదట దాహమో ఆకలో తెలియదు. నీళ్లు తాగాక ఆకలేస్తే తినాలి. చాలా తీపి శీతల పానీయాల్లో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసా తాగితే 30 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. విడిగా కలిపే చక్కెరల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2,000 కేలరీల ఆహారానికి ఆ 5 శాతం 25 గ్రాములే. ఒక్క సీసాతో అది దాటిపోతుంది.

2. పళ్లెంలో ముందు కూర. మన ఇళ్లలో అన్నం కొండలా పెట్టి, కూర అంచున కొంచెం వేసుకుంటాం. దీన్ని తిరగేయాలి. ముందు కూర, ఆకుకూర పప్పు వేసుకుని, మిగిలిన చోట అన్నమో రొట్టో పెట్టుకోవాలి. కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిపి పళ్లెంలో సగం వరకూ ఉంటే మంచిది. గుడ్డు, పప్పు, పెరుగు ఎదుగుదలకు కావాలి కనుక వాటిని తగ్గించకూడదు.

3. భోజనం దగ్గర తెర వద్దు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది. ఫోను చూస్తూ గబగబా తింటే ఆ కబురు చేరేలోపే రెండోసారి వడ్డించుకుంటాం. నెమ్మదిగా నమిలి తింటే ‘ఇక చాలు’ అని మనకే తెలుస్తుంది.

4. రోజుకు గంట ఆట. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. అంతా ఒకేసారి కానక్కరలేదు. బడికి గబగబా పదిహేను నిమిషాల నడక, తిరిగి రావడానికి మరో పదిహేను, సాయంత్రం అరగంట ఆట కలిపితే గంట అయిపోతుంది. స్నేహితులు దొరికేదాకా స్కిప్పింగ్ తాడు మంచి తోడు. సంచిలో పడుతుంది, మైదానం అడగదు. జైసల్మేరు ఎండల్లో ఆట తెల్లవారుజామునే ముగించాలి. సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌కు వెళితే మొదటి రోజుల్లో విశ్రాంతి తీసుకుని, శరీరం ఆ గాలికి అలవాటు పడ్డాకే పరుగెత్తాలి.

5. నిద్రకు వేళ. 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలనప్పుడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి మనసు పోతుంది, మర్నాడు ఆటకు ఓపిక ఉండదు.

6. పొట్లం వెనక వైపు చదవడం. ముందు వైపు బొమ్మ ఉంటుంది, వెనక లెక్క ఉంటుంది. వాడిన పదార్థాలను ఎక్కువ పరిమాణం ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరుసగా రాస్తారు. చక్కెరో నూనో మొదటి మూడింట్లో ఉంటే అది రోజూ తినే వస్తువు కాదని గుర్తు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా నిబంధనలు వచ్చాయి. ఆ 50 మీటర్లు దాటాక కాపలా మనమే.

ఈ ఆరూ ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఒకటి ఎంచుకుని, అది కుదిరాక రెండోది.

ఇంట్లో చేయదగిన ఒక లెక్క కూడా చెబుతాను. నెలకు ఎన్ని లీటర్ల వంటనూనె కొంటున్నారో అమ్మనో నాన్ననో అడగండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్లు వాడితే ఒక్కొక్కరికి రోజుకు దాదాపు 30 గ్రాములు, అంటే 270 కేలరీలు. బయట తిన్న సమోసాలు, చిప్స్ ఇందులో లేవు. సంఖ్య చూశాక, మర్నాటి పూరీలు ఇడ్లీలుగా మారే అవకాశం ఉంది.

కొత్త ఊరి మంచి తిండి

ప్రతి ఊళ్లోనూ నూనెలో వేగేవి ఉంటాయి, ఆరోగ్యాన్నిచ్చేవీ ఉంటాయి. పంజాబులో ఆవాకుతో చేసే సాగ్, గుజరాత్‌లో ఆవిరి మీద ఉడికే ఢోక్లా, కేరళలో పుట్టు, శనగల కూర, అస్సాంలో ఢేకియా ఆకుకూర, మహారాష్ట్రలో జొన్న భాకరీ. మన జొన్నరొట్టె, రాగిసంకటి వీటి చుట్టాలే. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కొత్త ఊళ్లో పక్కింటి వాళ్లను అక్కడి ఆకుకూరల పేర్లు అడగడం స్నేహానికి కూడా మంచి మొదలు.

మనకు పోషకాహారం గురించి చెప్పే జాతీయ పోషకాహార సంస్థ కూడా బదిలీ మీద వచ్చినదే. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో చిన్న పరిశోధనా కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఊరు మారినా చేస్తున్న పని ఆపలేదు.

ఎగతాళి మందు కాదు

కొత్త బడిలో చేరిన పిల్లలకు పేరు తెలియకముందే ‘గుండు’, ‘పుల్ల’ అని పేరు పెట్టేవాళ్లుంటారు. ఎగతాళి వల్ల ఎవరూ బరువు తగ్గరు. సిగ్గుతో ఆటలకు రావడం మానేస్తారు, దాచుకుని తినడం నేర్చుకుంటారు. కొందరు భయంతో తిండే మానేస్తారు. కొత్తగా వచ్చినవారిని మన జట్టులోకి పిలవడం వారికి మనం చేయగల పెద్ద సాయం. ముందు చెప్పిన సాయంత్రం అయిదింటి కేక మనమే వేయవచ్చు.

బరువు హఠాత్తుగా పెరిగినా, తగ్గినా, కాస్త నడిస్తేనే ఆయాసం వచ్చినా, తినాలంటేనే భయం వేసినా సొంత వైద్యం వద్దు. ఇంట్లో పెద్దవారికి, బడిలో టీచరుగారికి చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. కొన్నిసార్లు థైరాయిడ్ వంటి కారణాలూ ఉండవచ్చు.

సన్నగా ఉన్నవారికీ ఈ అలవాట్లన్నీ అవసరమే. అద్దంలో కనిపించే ఆకారం కంటే, మెట్లు ఎక్కినప్పుడు ఆయాసపడని ఊపిరి, తరగతిలో నిద్రపోని కళ్లు, ఆటలో అలసిపోని కాళ్లు మన ఆరోగ్యానికి మంచి సాక్ష్యాలు. ఈసారి బదిలీ ఉత్తర్వులు వచ్చినప్పుడు సామాన్ల జాబితాలో ఒక వరుస ఎక్కువ రాసుకోండి. స్కిప్పింగ్ తాడు, నీళ్ల సీసా, నిద్రవేళ అని. ఇవి లారీలో పగలవు, దారిలో పోవు.