పేరులోని వేరు

అర్థమైతే బొమ్మ, అర్థం కాకపోతే మోడర్న్ ఆర్టు అని మనవాళ్ళు సరదాగా అంటుంటారు. వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరుని కనుక నా ధోరణీ ఇంచుమించు అదే. గీత గీస్తే దానికో కొలత, ఓ ప్రయోజనం ఉండాలి. అటువంటి నన్ను ఈ దేశంలో చూసిన ఒక చిత్రం ఆలోచనలో పడేసింది. దాన్ని గురించి మన సభ్యులతో నాలుగు మాటలు.

ఆ చిత్రం పేరు 'బిగ్ యామ్ డ్రీమింగ్'. మెల్‌బోర్న్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియా వారిది. సుమారు 8 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు. నల్లటి రంగు మీద అల్లుకుపోయిన తెల్లటి గీతలు, అంతే. మనిషి లేడు, చెట్టు లేదు, కొండ లేదు. 1995లో దీన్ని గీసినది ఎమిలీ కామె ఉంగ్వారే.

ఆవిడ 1910 ప్రాంతంలో, ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఈశాన్యాన ఉన్న యుటోపియా ప్రాంతంలో, అల్హల్కెర అనే చోట పుట్టిన ఆదివాసీ మహిళ. 1977లో బాతిక్ అద్దకం నేర్చుకున్నారు. కాన్వాసు మీద రంగులు వేయడం మొదలుపెట్టింది 1988-89లో, ఎనభయ్యో పడికి దగ్గరపడ్డాక! 1996లో కన్నుమూసేలోగా సుమారు 3,000 చిత్రాలు వేశారు. రిటైరయ్యాక ఏం చెయ్యాలా అని ఇప్పట్నించే దిగులుపడే మనబోటి వాళ్ళు గుర్తుంచుకోవలసిన లెక్క ఇది. ఆవిడ వేసిన 'ఎర్త్స్ క్రియేషన్' 2017లో 21 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

ఇంతకీ ఆ గీతలేమిటి? 'కామె' అంటే ఆవిడ భాషలో ఒక అడవి దుంపతీగ విత్తనం. ఆవిడ పేరే అది. ఆ దుంప లోపల ఊరినప్పుడు పైన నేల నెర్రెలు విచ్చుతుంది. ఆ వేళ్ళూ, ఆ నెర్రెలే ఈ గీతలు. వేడుకల్లో అక్కడి ఆడవాళ్ళు ఒంటిమీద దిద్దుకునే చారలూ ఆవిడ చిత్రాల్లో ఉన్నాయి. ఏం గీశారని అడిగితే, మొత్తం అంతా గీశానని చెప్పేవారట. నా దృష్టిలో అది ముఖం లేని స్వీయచిత్రం.

ఇది తెలిశాక మన ఇంటిపేర్లు గుర్తొచ్చాయి. వాటిలో ఎన్నో ఊళ్ళ పేర్లే కదా! నేలను పేరులో మోసుకు తిరగడం మనకూ అలవాటే. ఇక్కడి ఫారాల్లో అది 'సర్‌నేమ్' గడిలో ఇరుక్కుని, పిల్లలకు స్పెల్లింగుగా మాత్రమే మిగిలింది. "మన ఊరు ఎలా ఉంటుంది నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. మా తాతగారి నాటికే మేము ఆ ఊరు వదిలేశాం. ఫొటో కూడా లేదు. ఏం చూపించను?

గుడివాడలో పుట్టి, లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, అమెరికాలో స్థిరపడిన పద్మశ్రీ ఎస్.వి. రామారావు గారూ అమూర్త చిత్రకారులే. దూరమైన ఊరికి ఆకారం కన్నా రంగే ఎక్కువ కాలం మిగులుతుందేమో అని నాకనిపిస్తుంది.

నిజానికి ఈ కళ మనకు కొత్తేమీ కాదు. వాకిట్లో అమ్మ వేసిన మెలికల ముగ్గు చూసి "ఇదేం బొమ్మ?" అని మనం ఎన్నడైనా అడిగామా?

అందుకే కార్యవర్గానికి ఒక సూచన. వచ్చే సంక్రాంతికి పిల్లల చిత్రలేఖనం పోటీలో తాజ్‌మహల్‌తోబాటు ఇంకో అంశం పెట్టండి: 'నా పేరు'. అక్షరాలు రాయకూడదు, ముఖం గీయకూడదు. అయితే, ముందురోజు రాత్రి తమ పేరు, ఇంటిపేరు ఎలా వచ్చాయో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకుని రావాలి. బహుమతి ఎవరికి వచ్చినా, ఆ రాత్రి ప్రతి ఇంట్లోనూ ఒక ఊరి కథ నడుస్తుంది.