ఆవిరి కారుని బతికిస్తున్నవాళ్లు

ఆవిరి బండి అంటే రైలొక్కటే అనుకునేదాన్ని. ఆవిరితో కార్లు కూడా నడిచాయట! 1884లో ఫ్రాన్స్‌లో తయారైన ‘లా మార్కీజ్’ ఇప్పటికీ ఉంది. 2011లో అమెరికాలో వేలం వేస్తే 46 లక్షల డాలర్లకు పైగా పలికింది.

వేగం చాలక ఇవి పోయాయనుకోకండి. 1906లోనే స్టాన్లీ ఆవిరి కారు గంటకు 205 కిలోమీటర్ల వేగం అందుకుంది. చిక్కంతా బయల్దేరడంలోనే. బర్నర్ వెలిగించాక, బాయిలర్‌లో నీళ్లు కాగి చాలినంత ఆవిరి పుట్టడానికి సుమారు అరగంట పడుతుంది. 1912 కాడిలాక్ పెట్రోలు కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చేసింది. ఇక అంత ఓపిక ఎవరికుంటుంది? 1924లో స్టాన్లీ కార్ల తయారీ ఆగిపోయింది.

వీటిని సేకరించేవాళ్లలో చాలామంది షెడ్డులో దాచి ఊరుకోరు. అమెరికా టీవీ హాస్యనటుడు జే లెనో తన స్టాన్లీని స్వయంగా వెలిగించి రోడ్డెక్కిస్తారు. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో తెలిసిన చెయ్యి లేకపోతే ఎంత ఖరీదైన కారైనా ఉత్త ఇనుమే కదా!

ఇది రాస్తుంటే మా అవ్వ గుర్తొచ్చింది. ఆమె తెలుగులో అడిగితే నేను తమిళంలో బదులిచ్చేదాన్ని. ఇప్పుడు తప్పులొచ్చినా సరే, తెలుగులోనే చెబుతున్నా.